పైమట్టి ఎత్తే ముందు, ఎత్తేటప్పుడు: నాపరాయి గని విస్తరణలో పురావస్తు పర్యవేక్షణ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. యర్రగుంట్ల మండలంలో మీకు నాపరాయి గని ఉంది. దాని పక్కనే ఉన్న మూడు హెక్టార్ల బీడులోకి గనిని విస్తరించడానికి అనుమతి వచ్చింది. ఆ బీడులో ఈశాన్య మూలన ఊరివాళ్ళు పాటిదిబ్బ అని పిలిచే మెరక ఉంది, దక్షిణపు గట్టు మీద రాకాసి గుళ్ళు అనే పాత బండరాళ్ళు నాలుగైదు ఉన్నాయి. రెండు హిటాచీలు పెట్టి గుట్టుచప్పుడు కాకుండా పైమట్టి ఎత్తేద్దామని, పురావస్తు వాళ్ళు చూస్తే లీజు పోతుందని మీ భాగస్వామి అంటున్నారు. ఎవరిని పిలవాలి, వాళ్ళు వచ్చి ఏం చేస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, నిజంగా లీజు పోతుందా అని మీరు అడిగారు. రాయలసీమ గనుల్లో ఇలాంటి పనికి పాతికేళ్ళుగా తిరుగుతున్నవాడిగా వివరంగానే చెబుతాను.

ముందు భయం సంగతి. ఒక చోట పాత సమాధి బయటపడినంత మాత్రాన లీజు రద్దు కాదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కింద గాని, 1960 నాటి మన రాష్ట్ర చట్టం కింద గాని రక్షిత స్థలంగా ప్రకటించిన చోటుకే గట్టి ఆంక్షలు వర్తిస్తాయి. కేంద్ర రక్షిత కట్టడమైతే దాని హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణతో ఈ దూరాలు చట్టంలోకే వచ్చాయి. మీ బీడు దేనికీ ఆ దూరంలో లేదని అనుమతి పత్రాల్లో ఉందన్నారు కాబట్టి ఆ చిక్కు మీకు లేదు. నేను చూసిన గనుల్లో ఎక్కువ చోట్ల జరిగింది ఒకటే: బయటపడినదాన్ని కొలిచి, గీసి, ఫొటోలు తీసి, అవసరమైతే శాఖవాళ్ళు వచ్చి తవ్వుకుని, ఆ భాగాన్ని గనికి వదిలేశారు. కొన్నిచోట్ల అరెకరమో ఎకరమో గట్టు వైపు వదిలిపెట్టి పని సాగించారు. లేనిపోని తలనొప్పి వచ్చినది మాత్రం దాచిపెట్టిన చోటే. ట్రాక్టరు డ్రైవరు ఫోనులో ఒక ఫొటో తీస్తాడు, అది సాయంత్రానికి మండలమంతా తిరుగుతుంది, మర్నాడు విలేకరి వస్తాడు, ఆ తర్వాత వచ్చే అధికారికి మీ మాట మీద నమ్మకం ఉండదు.

పైమట్టి ఎత్తేటప్పుడు పురావస్తు మనిషి యంత్రం పక్కన నిలబడాలని మన గనుల నిబంధనల్లో సూటిగా ఎక్కడా లేదు. బ్రిటన్‌లో 1990 నుంచి ఆ బాధ్యతనూ ఖర్చునూ నిర్మాణం చేపట్టేవాడి మీద పెట్టే పద్ధతి స్థిరపడింది. మన దగ్గర పర్యావరణ అనుమతి కోసం 2006 నాటి కేంద్ర ప్రకటన కింద పెట్టే దరఖాస్తులో సాంస్కృతిక విలువతో రక్షణ పొందిన ప్రాంతాలు 15 కిలోమీటర్ల లోపల ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి చాలామంది ‘లేవు’ అని రాసి ముగిస్తారు. ఆ ‘లేవు’ రక్షణ పొందినవాటి గురించిన మాట మాత్రమే. ఎవరి కంటా పడని వాటి గురించి ఆ పత్రం ఏమీ చెప్పదు. మీ మండలంలోనే ఉన్న కలమల్లలో రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనం, సుమారు 575 నాటిది, దొరికింది. ముద్దనూరు వైపు చింతకుంటలో గుండ్ల మీద ఆదిమ చిత్రాలు ఉన్నాయి. అలాంటి సీమలో మూడు హెక్టార్ల బీడు వట్టి బీడే అని ముందే అనుకోవడం తొందరపాటు.

ఇక అసలు పని. గనివాళ్ళు అందరూ రాయి వైపు చూస్తారు. నాకు కావలసింది రాయి మీద ఉన్న జానెడు నుంచి మోకాలి లోతు వరకు ఉన్న మట్టి. మీ లెక్కలో అది ఓవర్ బర్డెన్, పారబోయవలసిన చెత్త. మనుషులు వండుకున్నదీ, పూడ్చుకున్నదీ, పనిముట్లు చెక్కుకున్నదీ అందులోనే ఉంటుంది. నాపరాయి పొరలోకి దిగాక నేను చూడవలసింది దాదాపు ఏమీ ఉండదు, ఒక్క మినహాయింపుతో. దాని సంగతి కింద చెబుతాను. కాబట్టి గని నడిచినన్నాళ్ళూ నన్ను పోషించాలేమోనన్న బెంగ వద్దు. పైమట్టి తీసే రోజులు చాలు.

యంత్రం రాకముందు ఒక పూట నడక ఉంటుంది. ఒక వాన పడి వెలిసిన తర్వాత, గడ్డి ఎత్తు పెరగకముందు, ఐదేసి మీటర్ల ఎడంతో వరసలుగా బీడంతా నడుస్తాం. వాన నీరు మట్టిని కడిగి చిల్లపెంకులను పైకి తేలుస్తుంది. చెదపుట్టలను తప్పకుండా చూడాలి, ఎందుకంటే చెదలు లోపలి మట్టిని పైకి మోసి పెడతాయి. వంక కోసిన ఒడ్డు, పాత దిగుడు బావి గోడ, రైతులు దున్నేటప్పుడు ఏరి గట్టున పోసిన రాళ్ళ కుప్ప, ఇవన్నీ ఎవరో మన కోసం ముందే తీసి పెట్టిన గుంతల్లాంటివి. రాళ్ళ కుప్పల్లో పాత నూరుడు రాళ్ళు ఎన్నిసార్లు కనబడ్డాయో లెక్కలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళతో అరగంట కూర్చోవడం కూడా ఈ నడకలో భాగమే. చెట్టు కింద దేవర దగ్గర పెట్టిన నున్నని నల్లరాయి, పిడుగు పడినప్పుడు నేలలో దిగిందని వాళ్ళు చెప్పేది, చాలాసార్లు కొత్త రాతియుగపు గొడ్డలి అయి ఉంటుంది. దాన్ని అక్కడినుంచి తీయమని అడగకూడదు. ఏ చేలో దొరికిందో అడిగితే చాలు.

మీ పాటిదిబ్బ గురించి నాకు సందేహం లేదు. పాటి అంటేనే పాడుపడిన ఊరి చోటు. పూర్వం రైతులు పాటిమట్టిని బండ్లతో తోలి చేలకు ఎరువుగా వేసుకునేవారు, కాబట్టి దిబ్బ పైభాగం ఎప్పుడో పోయి ఉండవచ్చు, అడుగుభాగం మిగిలి ఉండవచ్చు. మట్టి బూడిదరంగులో, వదులుగా, చేతికి నూనె అంటినట్టు ఉంటే అది మనుషులు నివసించిన మట్టి. కదిరి, కళ్యాణదుర్గం వైపు పనిచేసేవాళ్ళకు ఇంకొక మాట: అనంతపురం జిల్లా పాలవాయి లాంటి చోట్ల ఉన్న బూడిద దిబ్బలు కొత్త రాతియుగపు పశువుల దొడ్లలో పేడ కుప్పలు పదేపదే కాలి ఏర్పడినవి. కాలి కరిగిన పేడ గాజులా గట్టిపడి ఇనుప చిట్టెంలా కనబడుతుంది. ఇది ఏదో పాత కొలిమి చెత్తలే అని మేస్త్రీలు రోడ్డు గుంతలకు పోసేస్తారు.

రాకాసి గుళ్ళు అన్నవి ఇనుప యుగపు సమాధులు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. నాలుగు పక్కలా నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఒక పెద్ద పలక మూసి, తూర్పు పలకకు మనిషి తల పట్టేంత గుండ్రటి కంత పెట్టిన రాతి పెట్టెలు ఈ సీమలో చాలాచోట్ల ఉన్నాయి. పైకి నాలుగైదు కనబడితే నేలలో కప్పబడినవి ఇంకా ఉంటాయని అనుకోవాలి. చుట్టూ గుండ్లతో వలయం ఉంటే అది నాలుగు నుంచి పది మీటర్ల అడ్డం దాకా ఉండవచ్చు, పెట్టె సరిగ్గా మధ్యలో ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట అనంతపురం జిల్లాలో ఒక గ్రానైటు గని విస్తరణకు నేను పర్యవేక్షకుడిగా ఒప్పుకున్నాను. ఉదయం తొమ్మిదికి వస్తానని నోటిమాటగా చెప్పాను. ఎండాకాలం కాబట్టి ఆపరేటరు ఐదున్నరకే బండి స్టార్టు చేశాడు. నేను వెళ్ళేసరికి మూడు రాతి పెట్టెలు లేచిపోయి, పలకలన్నీ ఒక కుప్పగా పడి ఉన్నాయి. ఎరుపు నలుపు కుండల పెంకులు ట్రాక్టరు గాళ్ళలో నలిగి ఉన్నాయి. ఆ కుర్రవాడు కంత ఉన్న పలకను మాత్రం జాగ్రత్తగా వేరే పెట్టాడు. ‘ఇది చానా బాగుంది సార్, నీళ్ళతొట్టికి మూతగా పనికొస్తాదని పక్కన పెట్టినా’ అన్నాడు. వాడిని ఏమనగలను? వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పటినుంచి రెండు విషయాలు కాగితం మీద సంతకాలతో ఉంటేనే పనికి ఒప్పుకుంటున్నాను: నేను లేకుండా తాళం తిప్పకూడదు, నేను చెయ్యెత్తితే బకెట్టు ఆగాలి. రెండో మాటను మీరు మీ మేనేజరుకు కాక నేరుగా ఆపరేటరుకు, నా ఎదుటనే చెప్పాలి. మేనేజరు అనుమతి కోసం ఫోను చేసేలోపు బకెట్టు ఇంకో నాలుగుసార్లు దిగుతుంది.

పని నడిచే తీరు ఇలా ఉంటుంది. బకెట్టుకు పళ్ళు ఉండకూడదు. పళ్ళున్న బకెట్టు నేలను దున్నేస్తుంది, దాని కింద ఏ రంగు మట్టి ఉందో కనబడదు. కాలువలు చదును చేసే వెడల్పాటి బకెట్టు దొరికితే సరే, లేదంటే పళ్ళ మీద ఒక ఇనుప పట్టీ వెల్డింగు చేయించుకోవచ్చు. యర్రగుంట్లలో ఏ షెడ్డులోనైనా పూటలో చేసిస్తారు. ఒక్కో కోతకు ఐదు నుంచి పది సెంటీమీటర్లకు మించి దిగకూడదు. బండి వెనక్కి నడుస్తూ తన వైపుకు లాక్కోవాలి, అప్పుడు గీకిన నేల మీద గొలుసు చక్రాలు ఎక్కవు. టిప్పర్లు కూడా ఇంకా గీకని వైపు నుంచే రావాలి. ఒక యంత్రానికి ఒక పరిశీలకుడు. రెండు హిటాచీలు పెడతామంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకడే రెండింటి మధ్య పరుగెత్తితే అది పర్యవేక్షణ కాదు, హాజరు వేయించుకోవడం.

నేను నిలబడేది బకెట్టు తిరిగే పరిధికి బయట, ఆపరేటరు కళ్ళకు కనబడే చోట. గీకిన నేల మీద చూసేది వస్తువుల కోసం కాదు, రంగు కోసం. ఎర్రటి మొరంలో నల్లటి గుండ్రని మచ్చ కనబడితే అది ఎప్పుడో తవ్వి పూడ్చిన గుంత. అలాంటివి సమాన దూరంలో వరసగా వస్తే గుడిసె గుంజల గుంతలు. మన ఎండకు గీకిన నేల గంట తిరక్కుండానే ఆరి, అంతా ఒకే బూడిదరంగుకు తిరుగుతుంది, మచ్చలు మాయమవుతాయి. అందుకని పురుగుమందు కొట్టే స్ప్రేయర్ డబ్బా ఒకటి, కొత్తది, నీళ్ళతో నింపి వీపున తగిలించుకుంటాను. అనుమానం వచ్చిన చోట పారతో పలుచగా చెక్కి సన్నగా నీళ్ళు చల్లితే, ఆరిపోయిన మచ్చ అంచులతో సహా మళ్ళీ తేలుతుంది. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వాలు వెలుతురులో ఈ పని బాగా జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం మంచి కళ్ళున్నవాడికీ ఏమీ కనబడదు. మీ షిఫ్టులను ఆ ప్రకారం సర్దుకుంటే మీకూ ఎండదెబ్బ తప్పుతుంది.

నల్లరేగడి ఉన్న తావుల్లో లోతును నమ్మకూడదు. వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు పైనున్న పెంకు రెండడుగుల కిందికి జారిపోతుంది, వానలకు నేల ఉబ్బి కిందిది పైకి వస్తుంది. అక్కడ ‘ఫలానా లోతులో దొరికింది కాబట్టి ఫలానా కాలం’ అని రాసిన నివేదికను నేను పక్కన పెడతాను.

రాతి పనిముట్లను గుర్తించడం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. నాపరాయి నేల మీద సులువైన గుర్తు ఒకటుంది: ఆ నేలలో పుట్టని రాయి. చెకుముకి జాతి రాయి గాని, గోధుమరంగు క్వార్ట్‌జైటు గాని నాపరాయి పొర మీద దొరికితే, అది వంకలో కొట్టుకువచ్చే దారి కూడా లేకపోతే, ఎవరో మోసుకొచ్చి ఉండాలి. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు అడ్డంగా తిప్పండి. మనిషి కొట్టి విడగొట్టిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కడినుంచి చెరువులో రాయి వేసినట్టు అలలు కనబడతాయి. బకెట్టు తగిలి విరిగినదానికి విరుపు తెల్లగా, పచ్చిగా ఉంటుంది. పాతదానికి విరుపు మీద కూడా రాయి పైతోలుకు ఉన్నట్టే రంగు పట్టి ఉంటుంది. ఈ గుర్తు చెల్లని చోటూ ఉంది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో పూర్వులు సున్నపురాతితోనే, అంటే నాపరాయి జాతి రాతితోనే, పనిముట్లు చేసుకున్నారు.

జ్వాలాపురం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద జుర్రేరు లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. దాన్ని పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకునేవారు. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆ ఊరివైపు చూసింది. పొర కంటికి కనబడడానికి తవ్వకాలూ ఒక కారణమే, పొర చాలామటుకు లారీల్లో పోవడానికీ తవ్వకాలే కారణం. గనివాళ్ళను శత్రువులుగా చూసే మా వాళ్ళతో నేను ఏకీభవించకపోవడానికి ఇదొక కారణం. మీరు తవ్వకపోతే మాకు కనబడేది తక్కువ, కాకపోతే మేం అక్కడ నిలబడి ఉండాలి.

రాయిలోకి దిగాక కూడా చూడవలసినది ఒకటుందని పైన చెప్పిన మినహాయింపు ఇదే: సున్నపురాతిలో గవులు, అంటే గుహలు. మీ నాపరాయి, బేతంచర్ల రాయి, బెలుం గుహలున్న రాయి, అన్నీ దగ్గరి బంధువులు. పొరల్లో నీరు తొలిచిన సందులు ఉంటాయి, వాటిలో ఎర్రమట్టి కూరుకుని ఉంటుంది. బేతంచర్ల దగ్గరి బిల్లసుర్గం గవుల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1884, 1885 ప్రాంతంలో తవ్వినప్పుడు ఇప్పుడు ఈ సీమలో లేని జంతువుల ఎముకలు, ఖడ్గమృగానివి సహా, బయటపడ్డాయి. కాబట్టి పలకలు లేపేటప్పుడు ఎర్రమట్టి నిండిన బొరియ ఎదురై, ఆ మట్టిలో సుద్దలా తెల్లబడిన ఎముక ముక్క కనబడితే, పైమట్టి పని ఎప్పుడో ముగిసినా సరే, ఆ సందు వరకు పని ఆపి కబురు చేయండి. నీళ్ళతో కడగవద్దు, వేలితో పీకవద్దు.

ఏదైనా బయటపడితే ఏం చేయాలి? చుట్టూ పది మీటర్లు సున్నంతో గీత గీసి, యంత్రాన్ని బీడులో ఇంకో వైపుకు మళ్ళించాలి; పని మొత్తం ఆపనక్కరలేదు. జీపీఎస్ రీడింగు, కొలకర్ర పెట్టి తీసిన ఫొటోలు, చేతి గీత పటం ఆ పూటే పూర్తి చేయాలి. మీరు గాని నేను గాని సొంతంగా తవ్వడానికి వీల్లేదు. తవ్వకానికి లైసెన్సు కావాలి. బయటపడినదాన్ని శుభ్రంగా చూసి నమోదు చేయడం వరకే పర్యవేక్షకుడి పని. రాష్ట్ర పురావస్తు శాఖకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బంగారం, నాణేల కుండ లాంటిది దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటినదేదైనా కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయలు 1878 నాటివని నవ్వుకోవచ్చు, కేసు మాత్రం ఇప్పటిదే అవుతుంది.

అదే రోజు రాత్రి కాపలా పెట్టడం మరవకండి. మన జిల్లాల్లో గుప్తనిధుల పిచ్చి ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు. సమాధి బయటపడిందన్న మాట పొక్కితే తెల్లవారేసరికి అక్కడ నిమ్మకాయలు, కుంకుమ, నడుము లోతు గుంత ఉంటాయి. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టవద్దని పనివాళ్ళకు ముందు రోజే చెప్పాలి. అక్షరాల రాయి గాని, వీరుడి బొమ్మ చెక్కిన వీరగల్లు గాని కనబడితే సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, యాసిడ్‌తో కడగడం వద్దు. సాయంత్రపు వాలు ఎండలో ఫొటో తీస్తే అక్షరం దానంతట అదే పలుకుతుంది.

రోజుల లెక్క. ఒక ఎకరంలో అరమీటరు మట్టి ఒక హిటాచీతో మామూలుగా రెండు మూడు రోజుల్లో లేస్తుంది. నేను చెప్పిన తీరులో తీస్తే ఐదు రోజులు పడుతుంది. మీది ఏడున్నర ఎకరాలు. అయితే ఏడున్నర ఎకరాలకూ నన్ను నిలబెట్టవద్దు. నడకలో ఏమీ కనబడక, మీరు రాయి నాణ్యత కోసం ఎలాగూ వేసే ట్రయల్ గుంతల్లో జానెడు మట్టి కింద నేరుగా నాపరాయి తగిలితే, ఆ భాగాన్ని మీ పద్ధతిలోనే తీసుకోవచ్చు. ఆ గుంతలు వేసే రోజు మాత్రం నేను ఉండాలి. నా అంచనాలో పాటిదిబ్బ మూల, దక్షిణపు గట్టు కలిపి రెండు రెండున్నర ఎకరాలకు పూర్తి పర్యవేక్షణ సరిపోతుంది, అంటే మీ పనికి ఆరేడు రోజులు పెరుగుతుంది. పైమట్టిని వేరే పోసి దాచాలన్న షరతు మీ పర్యావరణ అనుమతిలో ఉండే ఉంటుంది, కాబట్టి దాన్ని విడిగా తీయడం మీకు కొత్త ఖర్చు కాదు. నెమ్మదిగా తీయడమే కొత్త.

రోజువారీ పుస్తకంలో ‘ఏమీ దొరకలేదు’ అని రాసిన పేజీలే ఎక్కువ ఉంటాయి. మీ భాగస్వామి వాటిని చూసి డబ్బు దండగ అనవచ్చు. ఏ తేదీన, ఎంత మేర, ఎంత లోతు, ఏ రంగు మట్టి తీశామో, ఏమీ లేదని ఎవరు చూశారో ఆ పేజీలో ఉంటుంది. రేపు ఎవరైనా గుడి మింగేశారని అర్జీ పెడితే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

ఈ వారంలో చేయవలసినది చిన్నదే. దక్షిణపు గట్టు మీది రాళ్ళ చుట్టూ, పాటిదిబ్బ చుట్టూ పది మీటర్ల ఎడంతో సున్నపు గీత గీయించి, టిప్పర్ల దారి వాటి మీదుగా పోకుండా మళ్ళించండి. ఆ రాళ్ళలో ఒకదాని మీద మీ సర్వేయరు ఎర్ర పెయింటుతో హద్దు నెంబరు వేశాడని రాశారు. అది వేసిన రాయి ఏదో, దాని తూర్పు ముఖం మీద కంత ఉందో లేదో చూసి ఒక ఫొటో పంపండి. పెయింటును మాత్రం గీకించవద్దు.